ఏడింటికి పక్క తలుపు తీసి ఉంచిన ఆవిడకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ, అంటే గర్భంతో వచ్చే హార్మోను, 2 వచ్చింది. ఐదు లోపుంటే మామూలే. ఇక వారం వారం కాదు, నెలకోసారి చాలట. రాత్రంతా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

నాది ముత్యాల గర్భం. మాయ ద్రాక్షగుత్తిలా పెరుగుతుంది, బిడ్డ ఉండదు. కడిగి తీసేశాక నెలన్నరకు మళ్లీ రక్తస్రావం. హెచ్‌సీజీ అంకె 3,200 నుంచి వారం వారం పైకే పోయింది. మిగిలిపోయిన కణాలు పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లు ఆరు కోర్సులు పడ్డాయి.

ఈ జబ్బును కనిపెట్టుకుని ఉండే పరీక్ష, గర్భం నిలిచిందో లేదో చూసే పరీక్ష ఒక్కటే. మొదటిసారి ల్యాబుకు వెళ్తే కౌంటరులో అమ్మాయి "శుభవార్తా అండీ?" అంది. పక్కన కడుపుతో ఉన్నవాళ్లు నన్ను చూసి నవ్వారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. రక్తం తీసే ఆవిడ వెనకే వచ్చి, నా చేతిలో కాగితం చదివి, ఏమీ అడగలేదు. "వచ్చే వారం నుంచి ఏడింటికి రా తల్లీ, పక్క తలుపు తీసి ఉంచుతాను" అంది. ల్యాబు తెరిచేది ఎనిమిదింటికి. పదిహేడు వారాలు ఆ తలుపు తీసే ఉంది. పోయినసారి ఏ చేతికి సూది గుచ్చిందో ఆవిడకే గుర్తు. సెలవు రోజున కూడా తడిసిన చీరతో వచ్చింది. అప్పుడు ఏడ్చాను, జబ్బు పేరు విన్న రోజు కూడా అంతగా ఏడవలేదు. తన పేరు రాయవద్దంది.

మా ఆయన, అమ్మ, అత్తగారు ఉన్నారు, వాళ్ల గురించి వేరే చెప్పాలా.

ఒక్క మాట మాత్రం మింగలేను. మొదట కడిగిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో వారం వారం పరీక్ష అన్న ముక్కే లేదు. బ్రిటన్‌లో 1973 నుంచి ఇలాంటి ప్రతి కేసునూ నమోదు చేస్తారు, నమూనాలు పోస్టులో లండన్, షెఫీల్డ్ లాంటి కేంద్రాలకు వెళ్తాయి. దాదాపు అందరికీ నయమయ్యే జబ్బు ఇది. కడిగిన రోజే పేరు రాసుకుని, పరీక్షకు రాకపోతే ఫోను చేసే ఏర్పాటు మనకెప్పుడు వస్తుంది?

అయ్యో, మరిచాను. వాంతులైనప్పుడు బకెట్ పట్టుకున్న పక్క మంచం పిన్నిగారు. మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలకు విరుగుడుగా ఇచ్చే ఫోలినిక్ ఆసిడ్ దొరక్కపోతే పక్క ఊరి నుంచి తెచ్చిన మందుల షాపు కుర్రాడు. ఇంకా, మెథోట్రెక్సేట్ పుట్టిన పరిశోధనను అమెరికాలో నడిపించిన మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సంగతి డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఆమెకూ.