కిలోమీటర్ల లెక్క సరే, సీటు మీద గంటల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

తొలిసారి 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి సిద్ధమయ్యేవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన పట్టిక చూశాను. మొదటి వారం ఇన్ని కిలోమీటర్లు, రెండో వారం ఇన్ని, ఆఖరికి ఇన్ని అని చక్కగా గడులు కట్టారు. అందులో తప్పేమీ లేదు. వారానికో లాంగ్ రైడ్ ఉంది, దూరం కొద్దికొద్దిగా పెరుగుతోంది, మధ్యమధ్య ఒక తేలిక వారం ఉంది, అసలు రోజుకు ముందు వారం బాగా తగ్గించారు. నా పేచీ అందులో లేనివాటి గురించి.

నేను కోచ్‌ని కాను. బ్రెవేలు జరిగే రోజున దారి మధ్యలో కంట్రోల్ పాయింట్ దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ల కార్డు మీద టైం రాసి ముద్ర వేసే వలంటీర్లలో ఒకదాన్ని. బ్రెవే గురించి తెలియనివాళ్లకు ఒక మాట: ఇది గడువు పెట్టి నడిపే లాంగ్ సైకిల్ రైడ్. రేసు కాదు, ఫస్టు సెకండు ఉండవు. గడువులోగా దూరం పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు ఇస్తారు. ఆగి తిన్నా, కునుకు తీసినా గడియారం మాత్రం ఆగదు.

కొత్తవాళ్లు మధ్యలో మానేస్తే కాళ్లలో సత్తువ చాలలేదనుకుంటారు. బల్ల వెనక కూర్చుని నేను చూసింది వేరు. ఎక్కువమందిని దింపేసేవి అరచేతులు, కూర్చునే భాగం, కడుపు. ఈ మూడింటికీ మీ పట్టికలో ఒక్క గడీ లేదు.

స్పీడు సంగతి ముందే తేల్చేస్తాను. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కినా 200 కిలోమీటర్లకు పది గంటలు చాలు. తినడానికి, నీళ్లు నింపుకోవడానికి, పంక్చర్లకు మూడున్నర గంటలు మిగులుతాయి. గంటకు 25 తొక్కేవాళ్లకు కలిసొచ్చేది ఇంకో రెండు గంటలు, అంతే. ఆ రెండు గంటల కోసం నెలల తరబడి ఫోన్లో యావరేజ్ స్పీడు చూసుకుంటూ టెన్షన్ పడతారు గానీ, పది గంటలు సీటు మీద ఎలా కూర్చుంటామన్న ఆలోచనే రాదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్తున్నారా? కొత్తవాళ్లకు అదే సరైన వేగం. ముఖ్యంగా మొదటి గంటలో, అందరూ ఉత్సాహంగా దూసుకుపోతున్నప్పుడు.

ఒకబ్బాయి మా బల్ల దగ్గరికి చాలామందికంటే ముందే వచ్చేశాడు. ముఖంలో అలసటే లేదు. కార్డు ఇవ్వమంటే జేబు జిప్పు దగ్గరే ఆగిపోయాడు. ఉంగరం వేలూ చిటికెన వేలూ మొద్దుబారిపోయి, మిగతా వేళ్లలోనూ పట్టు తగ్గి, జిప్పు పట్టుకోవడం రావట్లేదు. హెల్మెట్ బకిల్ నేనే తీశాను. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు ఉబ్బెత్తుగా ఉండే భాగంలోంచి అల్నార్ అనే నరం వెళ్తుంది. ఒంటి బరువు గంటల తరబడి అక్కడే ఆనితే నరం నలిగి ఆ రెండు వేళ్లూ తిమ్మిరెక్కుతాయి. వ్యాయామం ఎంత చేసినా దీనికి మందు కాదు. సీటు ముందుకు వాలి ఉంటే ఒళ్లంతా చేతుల మీదికి జారుతుంది, కాబట్టి ముందు దాన్ని సమంగా పెట్టుకోవాలి. హ్యాండిల్ మరీ దూరంగానో మరీ కిందికో ఉంటే సరిచేయించాలి. మోచేతులు కాస్త వంచి, కొన్ని నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చుతుండాలి. చేతులు మార్చడం గుర్తు పెట్టుకుని చేసే పని కాదు, అలవాటు కావాలి. ఆ అలవాటు ప్రాక్టీసు రైడ్లలోనే పడుతుంది. దిగిన తర్వాత రోజుల తరబడి తిమ్మిరి వదలకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక సీటు ఎత్తు. సైకిల్ మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతోందంటే సీటు మరీ ఎత్తుగా ఉన్నట్టు. మోకాలి ముందువైపు నొప్పి వస్తుంటే చాలాసార్లు సీటు కిందికి ఉందని అర్థం. ఇది మొదలుపెట్టడానికి సరిపోయే లెక్క. ఆపైన ఎవరి ఒంటిని బట్టి వాళ్లు తలా నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుకోవాలి. మెత్తటి వెడల్పాటి సీటు వేస్తే సుఖమనుకుంటారు. గంటసేపు సుఖమే. ఆ తర్వాత తొడల లోపలివైపు ఒరుసుకోవడం మొదలవుతుంది. మన బరువు మోయాల్సింది కూర్చునే ఎముకలు, కండ కాదు.

చెప్పడానికి అందరూ మొహమాటపడే విషయం ఒకటుంది, నేను చెప్పేస్తాను. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోపలి బట్టల కుట్లు చర్మాన్ని కోసేస్తాయి. ముఖ్యంగా కొత్తగా చేరే ఆడవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. పుండ్లు పడ్డాక మా దగ్గరికి వచ్చి చెవిలో అడుగుతారు. కొత్త షార్ట్స్, కొత్త సీటు, కొత్త బూట్లు ఏవైనా సరే, అసలు రోజున మొదటిసారి వాడొద్దు.

కడుపు దగ్గరికొస్తే, నేను చాలాసార్లు చూసిన వస్తువు ఒక అరటిపండు. పొద్దున వెనక జేబులో పెట్టుకుంటారు. మా దగ్గరికొచ్చేసరికి అది నల్లబడి, చితికి, బట్టకు అంటుకుని ఉంటుంది. ‘ఆకలి వేయలేదండీ’ అంటారు. లాంగ్ రైడ్‌లో ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కండరాల్లో, కాలేయంలో ఉండే గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న పిండిపదార్థం) నిల్వ గట్టిగా తొక్కితే రెండు గంటల అటూ ఇటూగా అడుగంటుతుంది. అప్పుడొచ్చేదాన్నే రైడర్లు ‘బాంక్’ అంటారు. చెమట పడుతూనే వణుకు, ఊరికే చిరాకు, సంతకం ఇక్కడ పెట్టమని చూపిస్తే కార్డు వంక అయోమయంగా చూడటం. మొదటి గంట దాటకముందే తినడం మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లేలా చూసుకోవాలి. మధ్యరకం అరటిపండులో దాదాపు 25 గ్రాములుంటాయి. తొక్కుతూ తినడం కడుపుకు కూడా నేర్పాలి. ఇంట్లో హాయిగా అరిగేది ఆరో గంటలో వాంతికి రావచ్చు, అందుకే లాంగ్ రైడ్లలో ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో రాసుకోమంటాను.

నీళ్ల విషయంలో సలహాలకు కొదవలేదు, ‘బాగా తాగండి’ అనని వాళ్లుండరు. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. ప్రాక్టీసు రైడ్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టే.

అన్నట్టు, ఈ లాంగ్ రైడ్ల పిచ్చి జనానికి అంటించిందే మీ వృత్తివాళ్లు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి పారిస్ చేరే 1200 కిలోమీటర్ల రేసు పెట్టింది ‘లె పెటి జుర్నాల్’ అనే పత్రిక, సంపాదకుడు పియెర్ జిఫార్. నెగ్గిన షార్ల్ టెరాన్ రాత్రుళ్లు కూడా నిద్రపోకుండా దాదాపు 71 గంటల్లో ముగించాడు. ఆయన సైకిల్‌కి ఉన్నవి అప్పుడే కొత్తగా వచ్చిన మిషెలిన్ గాలి టైర్లు, విప్పి పంక్చర్ వేసుకునే రకం. ఇప్పుడది రేసుగా కాకుండా బ్రెవేగా నాలుగేళ్లకోసారి జరుగుతోంది, గరిష్ఠ గడువు 90 గంటలు.

పంక్చర్ అంటే గుర్తొచ్చింది. ఒకామె రోడ్డు పక్కన ట్యూబు మార్చింది, పది నిమిషాల్లో మళ్లీ గాలి పోయింది, ఇంకో ట్యూబు వేసింది, అదీ పోయింది. మా దాకా సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. టైరు విప్పి లోపలివైపు గుడ్డతో తుడుచుకుంటూ వెళ్తే ఒకచోట గుడ్డ దారప్పోగు తట్టుకుంది. వంచి చూస్తే రబ్బరులోంచి సూది మొనంత ముల్లు. బయటికి కనబడదు, గాలి నింపితేనే ట్యూబుకి గుచ్చుకుంటుంది. ముల్లు తీయకుండా ట్యూబులు ఎన్ని మార్చినా దండగే. చేతికి గుడ్డ చుట్టుకుని తడమాలి, ఉత్త వేలు పెడితే వేలికే దిగుతుంది. వెనక చక్రం తీసేముందు చైన్‌ని అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి మార్చుకుంటే పని సులువు. ఇంట్లో ఫ్యాన్ కింద ఒకసారి చేసి చూడటం కాదు, చీకట్లో తలకు లైటు పెట్టుకుని చేసి చూడాలి.

ఇంకో సంగతి, కొందరికి నచ్చకపోవచ్చు. ‘చచ్చినా ఆపొద్దు’ అనే మాట కొత్తవాళ్ల చెవిలో వేయకండి. కళ్లు తిరుగుతున్నా, ఛాతీలో నొప్పి వస్తున్నా తొక్కుతూ వచ్చినవాళ్లను నేను చూశాను. అలాంటప్పుడు దిగిపోవడమే తెలివి. దిగిపోయేవాళ్లు నిర్వాహకులకు ఒక ఫోన్ చేయాలి, లేకపోతే మేం రాత్రంతా వాళ్ల కోసం రోడ్డు మీద వెతుకుతూ తిరగాలి.

పట్టిక మళ్లీ వేసే ఉద్దేశం ఉంటే కిలోమీటర్ల గడి పక్కన ‘సీటు మీద ఎన్ని గంటలు’, ‘ఏం తిన్నారు’, ‘చేతులెలా ఉన్నాయి’ అని మూడు గడులు చేర్చండి. స్థలం చాలదంటారా, పట్టిక పైన వేసిన పెద్ద ఫొటో తీసేయండి. అందులో సైకిల్ తొక్కుతున్న కుర్రాడి మోకాళ్లు దాదాపు ఛాతీకి తగులుతున్నాయి. అతను మీకు తెలిసినవాడైతే సీటు నాలుగు వేళ్లు పైకెత్తుకోమని చెప్పండి.

ఇట్లు,
కంట్రోల్ పాయింట్ బల్ల దగ్గర ముద్రలు వేసే ఒక పాఠకురాలు