పౌర సంబంధాల కొలువుకు మొదటి మెట్టు తెలుగు ప్రెస్‌నోట్

సంపాదకులకు,

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో పత్రికల చదువుల పేజీలు పౌర సంబంధాల రంగాన్నీ ఉపాధి మార్గాల్లో చేర్చి, చక్కటి మాటతీరు, ఇంగ్లిష్ మీద పట్టు, నలుగురితో పరిచయాలు ఉంటే ఇందులో రాణించవచ్చని రాస్తుంటాయి. ముప్పై ఏళ్లు ఇదే పని చేసి విరమించిన నాకు, ఆ జాబితాలో మొదట ఉండవలసినదే కనిపించడం లేదు. పీఆర్ (పౌర సంబంధాల) సంస్థలో కొత్తగా చేరినవారికి తొలి రోజుల్లో అప్పగించేది ప్రెస్‌నోట్ రాసే పని. తెలుగు పత్రికలకు వెళ్లవలసిన ఆ నోట్ చాలాచోట్ల ఇంగ్లిష్‌లో తయారై, సాయంత్రానికి కంప్యూటర్ అనువాదంగా బయటికి వస్తోంది.

ఉచిత గుండె పరీక్షల శిబిరం గురించి ఒక ప్రైవేటు ఆసుపత్రి పంపిన నోట్ ఆ మధ్య నా కంటపడింది. చైర్మన్ గారి దార్శనికతకు రెండు పేరాలు, ఆసుపత్రికి దక్కిన గుర్తింపులకు మరో పేరా పోగా, శిబిరం ఎన్ని గంటలకో, పాత రిపోర్టులు తెచ్చుకోవాలో లేదో, పరగడుపున రావాలో అక్కర్లేదో అందులో ఎక్కడా లేదు. రాసిన అమ్మాయి ఎంబీఏ చదివింది, చురుకైనది కూడా. ఈ నోట్‌ను వాళ్ల అమ్మమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ ఏమడుగుతుందో ఆలోచించుకొమ్మని ఎవరూ చెప్పలేదు, అంతే. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేసి ఆ వివరాలు రాబట్టే తీరిక లేక పత్రికలో వార్తలు దిద్దే డెస్కులోని ఉపసంపాదకుడు దాన్ని పక్కన పడేస్తే నేను తప్పు పట్టలేను.

1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయినప్పుడు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ తరఫున పౌర సంబంధాలు చూస్తున్న ఐవీ లీ విలేకరులను ప్రమాద స్థలానికి రప్పించి, తెలిసిన వివరాలతో ప్రకటన విడుదల చేయించారు. ప్రెస్‌నోట్‌కు అదే ఆరంభమని విద్యార్థులు చదువుకుంటారు. పరీక్షలో ఈ తేదీ రాసి మార్కులు తెచ్చుకున్నవారే, తమ సంస్థలో ప్రమాదం జరిగిన రోజున ఫోన్ స్విచాఫ్ చేసుకోవడం నేను చూశాను. ఆ తర్వాత వారు పంపిన మంచి వార్తలను కూడా విలేకరులు అనుమానంగానే చూశారు.

అందువల్ల జర్నలిజం శాఖలు పౌర సంబంధాలను ఒక పరీక్ష పేపరుతో సరిపెట్టకుండా, ప్రతి విద్యార్థినీ ఒక నెల జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలో, మరో నెల పత్రిక డెస్కులో కూర్చోబెట్టాలని కోరుతున్నాను. పీఆర్ సంస్థలకు మరో విన్నపం: జీతం లేకుండా, చివర్లో ఒక అనుభవ ధ్రువపత్రంతో సరిపెట్టే ఇంటర్న్‌షిప్‌లలో నగరంలో ఇల్లున్న పిల్లలే నిలబడగలుగుతున్నారు. మంచి తెలుగు రాయగల పల్లెటూరి పిల్లలు అమీర్‌పేటలో హాస్టల్ ఫీజు కట్టలేక రెండో నెలకే వెనక్కి వెళ్లిపోతున్నారు. కనీసం ఆ ఫీజుకు సరిపడా అయినా స్టైపెండ్ ఇవ్వండి.

– విశ్రాంత పౌర సంబంధాల ఉద్యోగి, హనుమకొండ