ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న అమ్మగారికి

పదహారేళ్లప్పుడు రోటరీ క్లబ్ విద్యార్థుల మార్పిడి పథకమైన రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌లో గుంటూరు నుంచి జర్మనీకి ఏడాది చదువుకి వెళ్లాను. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో రైలు తప్పిపోయి, ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను. నా బ్లేజర్ మీద రోటరీ గుర్తైన 24 పళ్ల చక్రం బ్యాడ్జి చూసి మీరు ఆగారు. మీ అబ్బాయీ ఇలాగే బ్రెజిల్ వెళ్లాడట.

నన్ను ఉంచుకోబోయే కుటుంబానికి ఫోన్ చేసి, తర్వాతి రైలు వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు. కాగితం సంచిలోంచి ప్రెట్జెల్ అనే ఉప్పు చల్లిన రొట్టె తీసి సగం తుంచి ఇచ్చారు. దాని మీది ఉప్పు పలుకులు ఒక్కొక్కటే గిల్లుకు తింటుంటే టెన్షన్ తగ్గింది. మీ పేరు అడగడమే మరిచాను, క్షమించండి.

ఆ ఏడాది మూడు ఇళ్లలో పెరిగాను. జర్మన్ వచ్చింది, ధైర్యం వచ్చింది.

మొన్న మా ఇంట్లో ఉండటానికి ఓ ఫ్రెంచ్ అమ్మాయి వస్తుంటే శంషాబాద్‌కి గంటన్నర ముందే వెళ్లి నిలబడ్డాను, సంచిలో ఉప్పు బిస్కెట్లతో. మీరే గుర్తొచ్చారమ్మా. ఎక్కడున్నా మీకు నా నమస్కారాలు.