ఫాల్స్ సీలింగ్‌లో అమర్చిన ఏసీ, పరిష్కరించకుండానే మూసేసిన నా ఫిర్యాదుల గురించి

కస్టమర్ సేవా విభాగాధిపతి గారికి,

విషయం: విజయవాడలోని మా ఇంటి హాలు పైకప్పులో మీ సంస్థ అమర్చిన ఏసీ నుంచి నీరు కారడం, దానిపై నేను చేసిన ఫిర్యాదులను మీ సిబ్బంది పని చేయకుండానే మూసివేయడం.

అయ్యా,

యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుందని నాకు తెలుసు. ఏసీ నుంచి నీరు కారినందుకే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. అడ్వాన్సు చెల్లించేదాకా అమ్మా అమ్మా అంటూ ఇంటి చుట్టూ తిరిగిన మీ మనుషులు, పని చెడిపోయాక నా ఫోను నంబరు చూసి కూడా ఎత్తకపోవడం, ఎత్తినవారు బాధ్యతను పక్కవారి మీదకు నెట్టడం, చివరికి నా ఫిర్యాదు పరిష్కారమైందని నాకే మెసేజ్ పంపడం నేను భరించలేకపోతున్నాను.

మీ షోరూంలో మాకు చూపించిన నమూనా హాలు నాకింకా గుర్తుంది. గోడ మీద ఏసీ పెట్టె ఉండదు, పైపులు కనిపించవు, పైకప్పు అంచున సన్నని గీతలాంటి గ్రిల్ మాత్రమే ఉంటుంది, వేసవిలో చల్లగాలి, ధనుర్మాసపు తెల్లవారుజామున కావాలంటే వెచ్చని గాలి అందులోంచే వస్తాయి అని మీ డిజైనర్ వివరించారు. పాత ఇంట్లో పూజగది పక్క గోడ మీద ఏసీ పెట్టె, దాని కింద వేలాడే తెల్లని పైపు చూసి చూసి విసిగిపోయిన మాకు ఆ మాట నచ్చింది. మామూలు ఏసీలకయ్యే ఖర్చు కన్నా చాలా ఎక్కువని తెలిసి కూడా ఒప్పుకున్నాం. ఏసీ, ఫాల్స్ సీలింగ్, లైట్లు, చెక్క పని అన్నీ మీరే చేస్తారని, దేనికైనా ఒక్క ఫోన్ చేస్తే చాలని ఆరోజు చెప్పారు. అన్నింటికీ ఒకే బిల్లు ఇచ్చారు. ఆ బిల్లు మీద ఉన్నది మీ సంస్థ పేరు ఒక్కటే.

ఎండలు ముదిరి ఏసీ రోజంతా నడవడం మొదలయ్యాక గ్రిల్ చివర నుంచి నీటి చుక్కలు పడసాగాయి. కొద్ది రోజులకే సీలింగ్‌కు వేసిన జిప్సం బోర్డు మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక లేచి, దాని అంచు నానాటికీ పెద్దదైంది. కింద టీవీ వెనుక ఉన్న చెక్క పలక ఉబ్బి, పైపొర చివర్లు లేచిపోయాయి. అతిథులకు చూపించుకుందామని కట్టించుకున్న హాలులో సోఫా పక్కన స్టీలు బేసిన్ పెట్టుకుని కూర్చుంటున్నాం.

మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే తెలుగు వచ్చినవారు దొరకడమే గగనమైంది. దొరికిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడి, ఇది ఏసీ విభాగం పని అని నమోదు చేసింది. ఆ విభాగం నుంచి వచ్చిన అబ్బాయి తల పైకెత్తి చూసి, సీలింగ్ కోస్తే తప్ప యూనిట్ అందదని, సీలింగ్ ముట్టుకునే అధికారం తనకు లేదని చెప్పి వెళ్లిపోయాడు. సీలింగ్ వారికి ఫోన్ చేస్తే, నీరు కారేది ఏసీ నుంచి కాబట్టి ఏసీ విభాగం రాసి ఇస్తేనే తాము కోస్తామన్నారు. ఏసీ విభాగాన్ని రాసి ఇవ్వమంటే, యూనిట్ చూడకుండా ఎలా రాసిస్తామన్నారు. పోనీ బయటి మనిషిని పిలిపించి కోయించుకోమంటారా అని అడిగితే, అలా చేస్తే వారంటీ పోతుందని మాత్రం ఇద్దరూ ఒకే మాటగా చెప్పారు. మళ్లీ కాల్ సెంటర్‌కు చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కొత్త ఫిర్యాదు నంబరు, మరక ఫొటోలు మళ్లీ వాట్సాప్‌లో పంపమనే కోరిక. పంపిన ఫొటోల కింద నీలి టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

ఇక ఫిర్యాదు మూసేయడానికి అడిగిన ఓటీపీ సంగతి. ఒక సాయంత్రం మీ టెక్నీషియన్ ఫోన్ చేసి, అమ్మా, మీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది, చెప్పండి అన్నాడు. మీరు ఇంటికే రాలేదు కదా, ఎందుకు చెప్పాలి అని అడిగాను. ఫిర్యాదు ఇన్నాళ్లు తెరిచి ఉంటే పైవాళ్లు తనను అంటారని, ఇప్పటికి మూసేసి రేపు కొత్తది తెరిపిస్తానని బతిమాలాడు. నేను ఇవ్వలేదు. అయినా రాత్రికల్లా నా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందని, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మెసేజ్ వచ్చింది. ఆ సమయానికి బేసిన్ సగం నిండి ఉంది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. పని పూర్తయిందా లేదా అని కాకుండా, లెక్కల్లో మూతపడిందా లేదా అని మాత్రమే చూసే పైవారి పద్ధతి అతనితో అలా మాట్లాడించింది. ఆ పైవారిలో ఒక్కరైనా నాతో నేరుగా మాట్లాడి ఉంటే ఈ ఉత్తరం అవసరమయ్యేది కాదు.

మా వీధిలో ఏసీలు బాగుచేసే పెద్దాయన ఏదీ విప్పకుండా, గ్రిల్ సందులోంచి టార్చిలైటు వేసి చూసి, పైపుకు వాటం, అంటే నీరు జారిపోయే వాలు, ఇవ్వలేదమ్మా అన్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ చల్లని కాయిల్‌కు తగిలి నీరై ట్రేలో పడుతుంది, అక్కడి నుంచి డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. పైపు మధ్యలో కుంగితే నీరు అక్కడే నిలిచి వెనక్కి తన్ని, ట్రే పొంగి సీలింగ్ మీద పడుతుందని ఆయన వివరించారు. అందం చెడుతుందని మీ డిజైనర్ సర్వీసు మూతను చెయ్యి కూడా పట్టనంత చిన్నదిగా పెట్టించారని, అంత ఇరుకులో ఫిల్టరు కడగడం కూడా కష్టమేనని అన్నారు. ఏసీని కనిపించకుండా దాచడం మీ పనితనమే, ఒప్పుకుంటాను. దాచినదాన్ని మళ్లీ తెరిచి బాగుచేసే దారి ఉంచడం కూడా ఆ పనిలో భాగమే కదా? ఆ పెద్దాయన పది నిమిషాల్లో చూసి చెప్పినది మీ విభాగాలన్నీ కలిసి ఎందుకు చెప్పలేకపోయాయి?

మా పాత ఇంటి వంటగది చేసింది మీరే. హైదరాబాదులో మా అమ్మాయి ఫ్లాటు మీకు అప్పగించింది నా మాట మీద. మా మరిది మరో సంస్థతో మాట్లాడుకుంటుంటే, వద్దు, వీళ్లు మాట మీద నిలబడతారు అని ఆపింది కూడా నేనే. ఇవాళ ఆయన మా హాలుకు వచ్చి పైకప్పు వైపు చూసినప్పుడు నేను తల దించుకోవలసి వస్తోంది. మీ షోరూం మేనేజరు గారికి ఇదంతా స్వయంగా చెబుదామని వెళితే, సారు మీటింగులో ఉన్నారని బయట కూర్చోబెట్టారు. అద్దాల గదిలో ఆయన కొత్తగా వచ్చిన దంపతులకు అదే నమూనా హాలు చూపిస్తూ కనిపించారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నా నన్ను లోపలికి పిలవలేదు.

నేను కోరేది ఇది. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ఒక వ్యక్తి, ఏసీ, సీలింగ్ విభాగాల వారిని ఇద్దరినీ వెంటబెట్టుకుని ఒకే రోజు మా ఇంటికి రావాలి. సీలింగ్ తెరిచి, పైపుకు సరైన వాటం ఇచ్చి, మనిషి చేతులు పట్టేంత సర్వీసు మూత అమర్చి, పాడైన జిప్సం బోర్డు, చెక్క పలక మీ ఖర్చుతో మార్చాలి. ఏం చేశారో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి. పరిష్కారమైందని తప్పుగా మూసిన నా ఫిర్యాదులను మళ్లీ తెరిచి, ఎవరు ఎందుకు మూశారో నాకు తెలియజేయాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అక్కడితో ఆగను. మా ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంది, ఏం చేసినా అక్కడే చేసుకోవాలి అని మీ ఏజెంటు ఒకరు నన్ను బెదరగొట్టబోయారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చని ఆయనకు తెలియజేయండి. సేవా లోపంతో పాటు నేను పడిన మానసిక వేదనకు కూడా పరిహారం అడుగుతాను.

బిల్లు నకలు, మరక ఫొటోలు, ఫిర్యాదు పరిష్కారమైందంటూ మీరు పంపిన మెసేజ్‌ల ప్రతులు జతచేస్తున్నాను. జవాబు దయచేసి తెలుగులో, బాధ్యుల పేరు, సంతకంతో పంపండి.

ఇట్లు,
మీ ఖాతాదారురాలు,
విజయవాడ.