శబరిమల కప్పకూ చోటివ్వండి

అయ్యా,

మాల వేసుకునే కాలం రాగానే పత్రికల నిండా ప్రత్యేక రైళ్ల వార్తలే. ఆ కొండ పేరు పెట్టుకున్న కప్ప ఊసే ఉండదు. 2017లో పడమటి కనుమల్లో శాస్త్రవేత్తలు ప్రకటించిన ఏడు కొత్త రాత్రి కప్పల్లో ఇదొకటి. శబరిమల పరిసరాల్లోనే దొరికింది. పెద్దదయ్యాక కూడా పొడవు 12 మిల్లీమీటర్ల పైచిలుకే! బొటనవేలి గోరు మీద కూర్చోబెట్టవచ్చు. తడి నేల మీద, ఆకుల చెత్త మాటున బతుకుతుంది. కూత అచ్చం పురుగు రొదలా ఉండటంతో ఇంతకాలం ఎవరి కంటా పడలేదు. మనం విసిరే నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ సంచులు పడేదీ అలాంటి నేల మీదే. దీక్షా నియమాలు అంత శ్రద్ధగా చెప్పే గురుస్వాములు, అడవిలో చెత్త వేయకూడదన్నదీ వాటిలో చేర్చాలి. యాత్ర అనుబంధాల్లో మీరూ ఈ కప్ప ఫోటో వేయండి.

— ఒక పాఠకుడు