మా మండల వాన లెక్క చెప్పే యంత్రానికి దిక్కెవరు?

వాతావరణ కేంద్రాల నిర్వహణ చూసే జిల్లా అధికారి గారికి,

నమస్కారం. మూడుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు కాబట్టి, నలుగురి ముందూ రాస్తున్నాను. మన్నించండి.

దేవరకొండ వైపు మా ఊళ్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఉంది. వానమాపకం గరాటు మూతిలో పిట్ట గూడు కట్టింది. కింద చిన్న తొట్టి ఒరిగితేనే వాన లెక్క నమోదవుతుంది; నీళ్లే దిగకపోతే అదెలా ఒరుగుతుంది? మొన్నటి అకాల వానకు కొనుగోలు కేంద్రంలో మా వడ్లు మొలకెత్తాయి. రికార్డులో మాత్రం సున్నా! తడిసిన వడ్లను చేటలో తెచ్చి చూపిస్తే మీ సిబ్బంది "సిస్టమ్‌లో వాన లేదు" అన్నారు.

పుణెలోని భారత వాతావరణ శాఖ శిక్షణ కేంద్రానికి ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తింపు ఉంది. అక్కడ విదేశీ వాతావరణ సిబ్బందీ నేర్చుకుంటారు. గర్వమే. పేద దేశాల్లో దాతలిచ్చిన పరికరాలు ప్రాజెక్టు అయిపోగానే మూగబోతుంటే, ఐక్యరాజ్యసమితి సోఫ్ అనే నిధి పెట్టి నిర్వహణకూ డబ్బిస్తోంది. కొనడం తేలిక, తుడవడమే కష్టమని అక్కడ తెలిసింది. మరి మన దగ్గర?

మృగశిర కార్తె లోపు గరాటు శుభ్రం చేయించి, బ్యాటరీ మార్పించండి. ఊళ్లో ఇద్దరు యువకులకు ఆ పని నేర్పించండి. మా అర్జీలకు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక వరి రైతు, నల్లగొండ జిల్లా