కృష్ణమ్మకు ట్రౌట్ అక్కర్లేదు, గైడ్లు కావాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

విజయవాడ భవానీపురం నుంచి నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

అయ్యా,

నా విన్నపం ముందే చెప్పేస్తాను. పులిచింతల దిగువ నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఉన్న కృష్ణలో గాలంతో చేపను పట్టి, మళ్ళీ నీళ్ళలోనే వదిలేసే సరదా వేటకు ఒక అనుమతి పద్ధతి పెట్టండి. ఆ వేటకు వచ్చేవాళ్ళను వెంటబెట్టుకుని తిప్పే గైడ్ పని ఈ ఒడ్డునే పుట్టి పెరిగిన మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇవ్వండి. అడిగేది ఇంతే. ఎక్కడ ఏం చూసి అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్పుకుంటాను, ఓపిక చేసుకుని చదవండి.

హిమాచల్ ప్రదేశ్‌లో కులూ వెళ్ళే దారిలో ఔట్ దగ్గర పక్కకు తిరిగి, బంజార్ మీదుగా గుషైని వైపు పోతుంటే తీర్థన్ నది మనతోపాటే వస్తుంది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లో పుట్టిన ఏరు అది. ఒడ్డున దేవదారు చెట్లు, ఏటి నిండా గుండ్రాళ్ళు, అడుగు కనిపించేంత తేట నీళ్ళు. ట్రౌట్ చేప కోసం ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కనిపించే నకిలీ ఎరతో గాలం వేయడం, చేయడానికి దేశం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు. నేనూ వెళ్ళాను. అంత అందమైన కొండలు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. అయినా మళ్ళీ తీర్థన్‌కే వెళ్ళానంటే, నా వెంట వచ్చిన ఆ ఊరి గైడ్ వల్లనే.

ఏటి దగ్గరికి చేరగానే అతను నన్ను రాడ్ ముట్టుకోనివ్వలేదు. తనే మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, ఒక రాయిని రెండు చేతులతో పైకెత్తి బోర్లించి చూపించాడు. రాయి అడుగున గోరంత కూడా లేని పురుగులు, తోక చివర సన్నటి వెంట్రుకలతో, రాతిని కరుచుకుని అటూ ఇటూ పాకుతున్నాయి. పక్కనే ఇంకో రకం, ఇసుక రేణువులు అతికించుకుని కట్టుకున్న చిన్న గొట్టాల్లో ఉంది. మొదటివి మేఫ్లై పిల్లలని, రెండోవి కాడిస్ పిల్లలని చెప్పాడు. ట్రౌట్‌కు ముఖ్యమైన తిండి ఇలాంటి పురుగులే. అప్పుడు డబ్బా తెరిచి, ముల్లు చుట్టూ ఈకలూ దారమూ చుట్టి చేసిన ఫ్లైలలోంచి సరిగ్గా ఆ రంగు, ఆ సైజు ఉన్నదాన్ని ఏరి కట్టాడు.

పెద్ద రాయి వెనక, వడిగా పారే నీరూ నెమ్మదిగా పారే నీరూ ఒరుసుకునే చోట చేప ఉంటుందన్నాడు. ప్రవాహానికి ఎదురు తిరిగి అక్కడే నిలబడి, కొట్టుకొచ్చిన పురుగును అందుకుంటుందట. అందుకే దిగువ నుంచి, దాని వెనకవైపు నుంచి వెళ్ళాలి, మన నీడ నీళ్ళ మీద పడకూడదు. చేప పడగానే అతను చెప్పిన మొదటి మాట, "సార్, ముందు చేతులు తడుపుకోండి." పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర లేచిపోతుంది, ఆ తర్వాత చేపకు జబ్బు చేస్తుంది. ముల్లు చివర వెనక్కి తిరిగి ఉండే కొండి లేదు కాబట్టి ఇట్టే ఊడి వచ్చింది. ఎర్ర చుక్కల బ్రౌన్ ట్రౌట్. ఫొటో కోసం ఎక్కువసేపు పైకెత్తనివ్వలేదు. ప్రవాహానికి ఎదురుగా నీళ్ళలోనే పట్టుకుని, అది దానంతట అదే తోక కొట్టి వెళ్ళిపోయేదాకా వంగి అలాగే ఉన్నాడు. ఎంత పెద్ద కస్టమర్ వచ్చినా తన పద్ధతి ఇదేనన్నాడు.

మంత్రి గారూ, ఆ చేప అసలు మన దేశానిది కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి ట్రౌట్ గుడ్లను ఓడలో తెప్పించి కాశ్మీరులో పొదిగించారు, శ్రీనగర్ పక్కన హర్వాన్‌లో హేచరీ పెట్టారు. ఆ తర్వాత కులూ లోయకూ తీసుకొచ్చారు. దొరల సరదా కోసం వచ్చిన చేప ఇవాళ అక్కడి పల్లెల్లో గైడ్లకు, చిన్న చిన్న గెస్ట్‌హౌసుల వాళ్ళకు, వంట చేసిపెట్టే ఇళ్ళవాళ్ళకు అన్నం పెడుతోంది. ఇదంతా ఊరికే జరగలేదు. కాశ్మీరులో మత్స్యశాఖ నదులను బీట్లుగా, అంటే హద్దులు గీసిన భాగాలుగా, విడగొట్టింది. ఏ బీటులో గాలం వేయాలన్నా పర్మిట్ తీసుకోవాలి, ఇంటికి తీసుకెళ్ళే చేపలకూ పరిమితి ఉంది. హిమాచల్‌లో ట్రౌట్ గుడ్లు పెట్టే చలికాలంలో, సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట బంద్. ఒక ప్రభుత్వ శాఖ నదిని ఇలా పట్టించుకోబట్టే ఆ గైడ్‌కు పని ఉంది.

ట్రౌట్ పేరెత్తితే మన దగ్గర కొందరు వెంటనే అనే మాట ఒకటుంది. లంబసింగి చల్లగా ఉంటుంది కదా, అరకు వాగుల్లో ట్రౌట్ పిల్లల్ని వదిలితే సరి అంటారు. అలాంటి ప్రతిపాదన మీ దాకా వస్తే దయచేసి ఒప్పుకోవద్దు. ట్రౌట్‌కు ఏడాది పొడవునా చల్లటి నీరు కావాలి, 20 డిగ్రీలు దాటుతుంటేనే అది నీరసపడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ చేపకేమో అది ఎక్కువ కావాలి. లంబసింగి చలి డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల ముచ్చట. ఏప్రిల్ వచ్చేసరికి ఆ వాగులు సన్నబడి వేడెక్కుతాయి. ఒకవేళ ఎక్కడో ఓ మూల అది బతికినా, అక్కడి చిన్న చేపల్ని తినే పరాయి చేపను మన కొండ వాగుల్లోకి మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

మనకు కొరత చేపలది కాదు. కృష్ణలో బొచ్చె ఉంది, శీలావతి ఉంది, ఎర్రమోసు ఉంది. గాలానికి తగిలితే చెయ్యి నొప్పెట్టేదాకా లాగే వాలుగ ఉంది. తుంగ పక్కన, తామరాకుల సందుల్లో మాటు వేసే కొరమీను ఉంది. అది ఫ్లై మీదకూ, కప్పలా చేసిన రబ్బరు ఎర మీదకూ ఎగిరి పడుతుంది. ఆ దెబ్బకు నీళ్ళు చప్పుడైన తీరు ఒక్కసారి విన్నవాళ్ళు మర్చిపోరు.

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, గోదావరి నీళ్ళు వచ్చి కృష్ణలో కలిసే చోట, ఒక పెద్దాయనతో పడవలో తిరుగుతుంటాను. నాకు ఒట్టి నీళ్ళు కనబడే చోట ఆయనకు చేప కనబడుతుంది. సన్నటి బుడగలు వరసగా లేస్తే అడుగున ఎర్రమోసు బురద కెలుకుతోందంటాడు. ఒక ఉదయం గాలం విసరబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. పడవకు కాస్త దూరంలో నీటి మీద అరచేయంత మేర ఎర్రగా కదులుతోంది. చూస్తే అగ్గిపుల్ల తలకాయంత పిల్లలు, వందల్లో, ఒకే ముద్దగా తిరుగుతున్నాయి. "కొరమీను పిల్లలు బాబూ. కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నాయి. ఇప్పుడు వేస్తే తప్పకుండా పడతాయి. అవి పడితే సాయంత్రానికి ఈ పిల్లలు ఒక్కటి మిగలవు" అన్నాడు. పడవ వెనక్కి తిప్పించాడు.

తీర్థన్ గైడ్‌కు ఉన్న తెలివిడి ఈయనకూ ఉంది. ఆ కుర్రాడికి లైసెన్సు, యూనిఫాం, రోజుకు ఇంత అని జీతం ఉన్నాయి. ఈయనకు పాత పడవ, ప్రతి ఏడూ చిరిగిపోయే వల ఉన్నాయి. ఈయన కొడుకులిద్దరూ ఏటిని వదిలేశారు. ఒకరు ఆటోనగర్‌లో పని చేస్తున్నారు, ఇంకొకరు ఆటో నడుపుతున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం, రోజంతా వల వేసినా ఖర్చులు కూడా రాని రోజులు ఉంటున్నాయి. కానీ ఆయన తర్వాత ఆ బుడగల భాష చదివేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. నాకు బాధ కలిగేది అక్కడే.

సరదాకి గాలం వేసేవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం లేరు. ఆదివారం వస్తే ఘాట్ల వెంబడి, సీతానగరం వైపు, ఉండవల్లి వైపు కుర్రాళ్ళు వరసగా కనిపిస్తారు. పర్మిషన్ ఎవరివ్వాలో కనుక్కుందామని నేను కొన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒకరు జలవనరుల వాళ్ళనడగమన్నారు, మరొకరు మత్స్యశాఖ అన్నారు, చివరికి ఎవరూ కాగితం చేతికివ్వలేదు. పద్ధతి లేకపోతే పాటించేవాడికే టెన్షన్. రాత్రిపూట నీళ్ళలో కరెంటు పెట్టి పట్టేవాడికీ, పిల్ల చేపల్ని సైతం ఊడ్చేసే అలివి వల వేసేవాడికీ ఏ బెంగా లేదు. ప్రతి బీటులో పొద్దుట్నుంచీ ఒక గైడ్ తిరుగుతుంటే అలాంటి వాళ్ళ మీద కన్నేసి ఉంచేవాళ్ళు ఉన్నట్టే. కర్ణాటకలో కావేరి మీద ఇది జరిగింది. భీమేశ్వరి, గాలిబోరె క్యాంపుల్లో మహసీర్ చేపను పట్టి వదిలే వేట నడిచిన రోజుల్లో, అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్ళలో కొందరు అక్కడే గైడ్లయి నదికి కాపలా కాశారు.

అదే కావేరి ఇంకో సంగతి కూడా నేర్పింది. ఆ క్యాంపులు వన్యప్రాణి అభయారణ్యంలో ఉండడంతో అక్కడి వేట ఆగిపోయింది. కాబట్టి హంసలదీవి వైపు ఉన్న కృష్ణా అభయారణ్యాన్నీ, ఎగువన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అడవినీ మొదటి నుంచే పక్కన పెట్టాలి. నదీముఖం దగ్గర పండుగప్ప దొరుకుతుందని ఆశ పుడుతుంది, నాకూ పుడుతుంది. అయినా ఆ జోలికి పోవద్దు. అమరావతి, వైకుంఠపురం, ఫెర్రీ, భవానీ ద్వీపం మధ్య ఉన్న నీళ్ళు మొదలుపెట్టడానికి బోలెడు.

వేట ఎప్పుడు ఆపాలో నదే చెబుతుంది. బొచ్చె, శీలావతి, మోసు గుడ్లు పెట్టేది వానాకాలపు కొత్త నీటిలో. మన దగ్గర వరద వచ్చేదీ అప్పుడే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాం. పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దుకోవడమూ చూశాం. జూలై నుంచి అక్టోబరు దాకా గాలం బంద్ పెడితే చేపకూ మంచిది, మనిషికీ మంచిది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధాన్ని మన మత్స్యకారులు పాటిస్తూనే ఉన్నారు. అలాంటి కట్టుబాటు వాళ్ళకు కొత్తేం కాదు.

ప్రాణాల విషయంలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగొద్దు. 2017 నవంబరులో ఇదే ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరి ఎన్ని ఇళ్ళలో దీపాలార్పిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పడవకు ఇద్దరు కస్టమర్లు, ఒక గైడ్, అందరికీ లైఫ్ జాకెట్. అది తొడుక్కోనని మొండికేసే కస్టమర్‌ను ఒడ్డునే దించేసే అధికారం గైడ్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఊరికి తాగునీరిచ్చే నది కాబట్టి తెడ్డు పడవలే వాడాలి, డీజిల్ మోటార్లు వద్దు. సీసం గుండ్లూ వద్దు, కొండి ఉన్న ముల్లూ వద్దు.

చేపను బాధపెట్టి వదలడం ఏం సరదా అని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న సరైనదే. గాలం ఏదైనా చేపకు సుఖం కాదు. నా జవాబు ఒక్కటే. ఎవరూ చూడని నదిలో కరెంటుకూ, అలివి వలకూ బలయ్యేవాటి కంటే, తడి చేతుల మీదుగా తిరిగి నీళ్ళలోకి వెళ్ళే చేపలకు బతికే అవకాశం చాలా ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నీరు వేడెక్కినప్పుడు వదిలిన చేప కూడా కోలుకోవడం కష్టం. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజాము వేటకే అనుమతివ్వాలి.

పర్మిట్ డబ్బులో సగమైనా నేరుగా ఆ ఊరి మత్స్యకార సహకార సంఘానికి చేరాలి. గైడ్ల ఎంపిక కూడా సంఘం ద్వారానే జరగాలి. టెండరు పిలిచి ఎవరో బయటి కంపెనీకి ఏటిని అప్పజెప్పి, వీళ్ళ పిల్లల్ని అందులో కూలీలుగా పెట్టే మాటైతే ఈ పథకం అసలు వద్దు. వల వేసుకునే హక్కు వీళ్ళకు ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి.

పెద్ద ప్రాజెక్టు రిపోర్టులు, రిసార్టులు, గాజు వంతెనలు ఇందుకు అవసరం లేదు. మీ శాఖ నుంచి ఒకరు, మత్స్యశాఖ నుంచి ఒకరు, జలవనరుల శాఖ నుంచి ఒకరు ఫెర్రీకి వచ్చి అక్కడి సంఘం పెద్దలతో ఒక పూట కూర్చుంటే మొదటి రెండు బీట్ల హద్దులు గీసేయొచ్చు. వరద తగ్గాక, నవంబరులో, పది మంది కుర్రాళ్ళకు శిక్షణ మొదలుపెట్టండి. ఫ్లై కట్టడం, విసరడం నేర్పడానికి తీర్థన్ నుంచి ఒకరిద్దరు గైడ్లను పిలిపించండి. ఏటిని చదవడం నేర్పడానికి మన పెద్దాయనలాంటి వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకూ గౌరవ వేతనం ఇవ్వండి. ఆ సమావేశం తేదీ ప్రకటిస్తే, ఆ ఊరి వాళ్ళను వెంటబెట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
భవానీపురం వాసి, విజయవాడ